అరవై మూడో నంబరు షాపు

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి మూలషాపు ఆయన డిపోకు ఫోను చేసి ఓ నాలుగు బేరింగులు పడేయమన్నాడు. పదకొండింటికి వ్యాను వెళ్లి నాలుగు బేరింగులు ఇచ్చి వచ్చింది. పదకొండూ ఐదుకు ఆయన మళ్లీ ఫోను చేశాడు.

"నాలుగేంటమ్మా, నాలుగు?"

"మీరు నాలుగు బేరింగులు అడిగారు. నాలుగు బేరింగులు అందాయి. ధన్యవాదాలు," అంది అవతలి గొంతు.

"నేను నాలుగు అడగలేదు తల్లీ. ఓ నాలుగు అడిగాను."

"అవును. నాలుగు. ఇంకేమైనా కావాలా?"

ఆయన ఆ ఫోను పెట్టేసి ఫోనక్క సొంత సెల్లుకు చేశాడు.

"అక్కా, మీ ఆఫీసులో కొత్తమ్మాయి ఎవరో చేరినట్టుంది. గొంతు వచ్చింది గానీ బుర్ర ఇంకా వచ్చినట్టు లేదు. దాన్ని మధ్యాహ్నం వ్యానులో పంపిస్తున్నారా?"

"నువ్వు షట్టరు దించకుండా కూర్చో తమ్ముడూ. మిగతా ఎనిమిదీ పంపిస్తా," అంది ఫోనక్క.

మూలషాపు ఆయన నోట 'ఓ నాలుగు' అంటే ఒక పెట్టె. పెట్టెకు పన్నెండు బేరింగులు. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. ఫోనక్కకు తెలుసు, అంతే.

ఆ డిపో నుంచి అరవై రెండు షాపులకు నీళ్ల మోటార్ల విడిభాగాలు వెళతాయి. బేరింగులు, సీళ్లు, వాషర్లు, కెపాసిటర్లు, ఫుట్‌వాల్వులు. ఆ షాపుల వాళ్లు ఫోను చేస్తే ఎత్తేది ఫోనక్క. ఇరవై రెండేళ్లుగా ఎత్తుతోంది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. వ్యాను డ్రైవర్లలో ఇద్దరు ఆ పట్టీ చూసి, ఈవిడెవరు, ఎప్పుడూ రాదేంటి అని అడిగారు.

కొత్తగా చేరింది అమ్మాయి కాదు. నెల మొదట్లో కంపెనీవాళ్లు వచ్చి ర్యాకుల కింద బరువు చూసే పలకలు బిగించారు. ఐదు వ్యాన్లలోనూ అవి ఎక్కడున్నాయో చెప్పే పెట్టెలు పెట్టారు. పన్నెండు షాపుల్లో సరుకు తగ్గితే తానే కబురు పంపే డబ్బాలు పెట్టారు. వీటన్నిటినీ ఒక ప్రోగ్రాముకు కలిపారు. అది వాన కబురు, రోడ్ల కబురు చదువుతుంది. షాపులకు ఫోను చేసి మాట్లాడుతుంది, వాళ్లు చెప్పింది వింటుంది. ఏ వ్యానులో ఏ సరుకు పోవాలో నిర్ణయించి, దారి మూసుకుపోతే నిర్ణయం మార్చుకుంటుంది. ఒకచోట సరుకు లేదంటే ఎదురుచూడదు, ఇంకొకచోట అడుగుతుంది. కాగితాల మీద దానికి మూడు మాటల ఇంగ్లీషు పేరుంది. విన్నదాన్ని తిరిగి అప్పజెబుతుంది కాబట్టి డ్రైవర్లు చిలకమ్మ అన్నారు. రెండో రోజుకు మేనేజరు కూడా చిలకమ్మ అన్నాడు.

మొదటి వారం చిలకమ్మ చేసిన పనుల్లో బేరింగుల గొడవ చిన్నది. ఒక షాపాయన్ని ఫుట్‌వాల్వులు కావాలా అని అడిగితే "చూద్దాంలే" అన్నాడు. చిలకమ్మ ఆయన ఫోనుకు ఫుట్‌వాల్వు ఫోటో పంపింది. ఆయన జవాబివ్వలేదు. ఇంకో వైపు నుంచి తీసిన ఫోటో పంపింది. మూడోదానికి ఆయన డిపోకే వచ్చేశాడు.

"ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. దీన్ని నేను కొనాలా, పెళ్లి చేసుకోవాలా?" అని మేనేజరును అడిగాడు.

ఈ గొడవలకు డిపోలో అందరూ నవ్వారు, ఫోనక్క తప్ప. కారణం ఆమె సొరుగులో ఉంది. రెండు రైలు టికెట్లు. ఒకటి ఆమెకు, ఒకటి అక్కకు. రెండు ఆదివారాలు పోయాక వచ్చే ఆదివారం, పొద్దున ఆరున్నర బండి. రాకపోకలతో కలిపి పదకొండు రోజులు. ఫోనక్క యాభై ఒక్క ఏళ్లలో సముద్రం చూడలేదు. అక్క యాభై ఆరేళ్లలో చూడలేదు. ఇద్దరూ కలిసి చూద్దామని అనుకుని ఆరేళ్లయింది. నాలుగుసార్లు టికెట్లు తీశారు, నాలుగుసార్లు రద్దు చేశారు. మొదటిసారి టికెట్లు తీసినప్పుడు అక్క ఎండ టోపీ కొనుక్కుంది. దాని చీటీ ఇంకా తెంపలేదు. తెంపితే దుకాణంవాడు వెనక్కి తీసుకోడని ఆమె వాదన. ఆ దుకాణం ఎత్తేసి మూడేళ్లయింది.

రద్దు చేసిన ప్రతిసారీ కారణం ఒకటే. ఫోనక్క లేకపోతే ఫోను నడవదు. నాలుగోసారి ఆమె బదులు లెక్కల సెక్షను ఆయన్ని కూర్చోబెట్టి చూశారు. ఆయన ఒక పూట కూర్చున్నాడు. షాపులవాళ్లు ఏమన్నారో అదే రాసుకుని అదే పంపాడు. మరునాడు వ్యాన్లు పంపిన సరుకు వెనక్కి తేవడానికే తిరిగాయి.

ఇప్పుడు మేనేజరు ఒక మాటిచ్చాడు. చిలకమ్మ ఐదు రోజులు ఎవరి సాయం లేకుండా నడవాలి. వెయ్యి ఆర్డర్లకు ఇరవై మించి తప్పు పోకూడదు. అప్పుడు సెలవు.

అందుకని ఫోనక్కకు చిలకమ్మ గెలవాలి. ఆ డిపోలో అలా కోరుకున్నది ఆమె ఒక్కతే.

* * *

కంపెనీ పంపిన ఇంజినీరమ్మాయికి ఇరవై ఆరేళ్లు. రాగానే ఫోనక్క పక్కన కుర్చీ వేసుకుని, "ఆంటీ, మీరు మామూలుగా మాట్లాడుతూ ఉండండి, నేను వింటాను," అంది.

"ఆంటీ అన్నావంటే ఫోను వైరు పీకేస్తా."

"సారీ అక్కా."

మొదట చిలకమ్మకు ఫోనక్క గొంతు అలవాటు చేయాలి. షాపుల జాబితాలో లేని నంబరు నుంచి వచ్చే మాటను ప్రోగ్రాము పట్టించుకోదు. ఇంజినీరమ్మాయి ఫోనక్క బల్లను కూడా ఒక షాపుగా నమోదు చేసింది. అరవై మూడో నంబరు షాపు. సరుకు ఇచ్చేవాళ్ల జాబితా వేరే ఉంది. అందులో మొదటి నంబరు మేనేజరుది, డిపో ఆయన కింద ఉంది కాబట్టి. పరీక్ష అయ్యాక అరవై మూడును తీసేయాలని ఆ అమ్మాయి ఒక చీటీ మీద రాసుకుంది. చీటీని టీ కప్పు కింద పెట్టింది.

తొమ్మిది రోజులు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇంజినీరమ్మాయి ఒక చెవికి ఫోనక్క మాట, ఒక చెవికి షాపు మాట తగిలించుకుని రాసుకుంది.

"నాలుగు అంటే?"

"నాలుగే."

"ఓ నాలుగు అంటే పన్నెండు అన్నారుగా."

"ముందు 'ఓ' ఉందా లేదా చూడమ్మాయ్. 'ఓ' అన్నాడంటే లెక్కపెట్టుకోలేదని అర్థం. ఓ నాలుగన్నా, ఓ పదన్నా పెట్టె నింపి పంపెయ్."

"మరి నాలుగంటే నాలుగే అని ఒకాయన అన్నాడు?"

"పోయినసారి పెట్టె పంపాను. కోపంగా ఉన్నాడు."

"దారిలో ఉన్నా అంటే?"

"చెప్పులు వెతుక్కుంటున్నాడు."

"వచ్చేశా అంటే?"

"దొరికాయి."

ఇంజినీరమ్మాయి రాసుకుంది. "సరే అంటే అవునే కదా?"

"సరే అంటే వినపడింది అని. సరే సరే అంటే ఇక ఆపు అని. అలాగే అంటే సగం. ఆ సగం కూడా ఆయన భార్య పక్కన ఉంటేనే."

"చూద్దాం?"

"లేదు."

"చూద్దాంలే?"

"లేదు, మళ్లీ అడగొద్దు."

"తప్పకుండా చూద్దాం?"

"లేదని మర్యాదగా చెప్పడం."

ఇంజినీరమ్మాయి పెన్ను కింద పెట్టింది. "అక్కా, మరి అవును అనడానికి వీళ్ల దగ్గర మాటే లేదా?"

ఫోనక్క ఆలోచించింది. ఆ ప్రశ్న ఆమెను ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగలేదు.

"తిడతారు," అంది.

"ఆఁ?"

"నిజంగా కావాల్సినవాడు తిడతాడు. 'ఏమమ్మా, బతికున్నారా అక్కడ, ఎన్నిసార్లు చెప్పాలి' అన్నాడంటే షాపులో సరుకు అయిపోయింది, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నాడు. ముందు వాడికి వెయ్యి."

"తిడితే ఖరారు అని రాసుకోనా?"

"రాసుకో."

ఇంజినీరమ్మాయి పెద్దవాళ్ల మాట మీద ఊరికే నమ్మకం పెట్టుకునే రకం కాదు. డిపో ఫోనులో మూడేళ్ల మాటలు దాచి ఉన్నాయి. వాటిని ప్రోగ్రాము చేత వినిపించింది. 'చూద్దాం' అన్న మాట 1,140 సార్లు వచ్చింది. పది రోజుల్లోపు సరుకు వెళ్లినవి 61. తిట్లు 800 దాకా ఉన్నాయి. అందులో నూటికి తొంభై ఆరు ఆ రోజే సరుకు వెళ్లినవి.

"ఈ అరవై ఒకటేంటక్కా? చూద్దాం అన్నాక కూడా వెళ్లాయి."

"ఏదో పొరపాటు అయ్యుంటుందిలే."

రాసుకున్నదంతా చిలకమ్మకు ఎక్కించారు. ఇక పరీక్ష.

* * *

ఐదు రోజులూ షాపుల ఫోను ఫోనక్క ఎత్తకూడదు. లోపలివాళ్ల ఫోన్లు మాత్రం ఎత్తొచ్చు. సోమవారం మధ్యాహ్నానికి ఆమె ఫోను వైరు మెలికలన్నీ విప్పి, తుడిచి, మళ్లీ మెలికలు పెట్టింది. మోగినప్పుడల్లా చెయ్యి దానంతట అదే లేచేది. రెండోపూట చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

మంగళవారం వాన పడింది. తొమ్మిదింటికి కాలువ మీద వంతెన మూసేశారు. వంతెన అవతల పదకొండు షాపులున్నాయి. వాన పడితే మోటార్లలో నీళ్లు దిగుతాయి, మోటార్లలో నీళ్లు దిగితే సీళ్లు కావాలి. పదిన్నరకల్లా ఆ పదకొండులో నాలుగు షాపులు తిట్టాయి.

"ఒక్క సీలు కూడా లేదిక్కడ! మీరేమన్నా నిద్రపోతున్నారా?" అన్నాడు ఒకాయన.

"మీరు తిట్టారు. సీళ్లు, ఖరారు," అంది చిలకమ్మ.

"ఏంటీ?"

"ఎన్ని కావాలి?"

"ఓ ఆరు పంపు తల్లీ."

"పెట్టె పంపుతున్నాం."

ఆయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. తర్వాత, "ఫోనక్కేనా?" అన్నాడు.

సీళ్లున్న రెండో నంబరు వ్యాను వంతెన ఇవతల ఆగిపోయింది. అవతల కంపెనీకే ఇంకో డిపో ఉంది. చిలకమ్మ అక్కడికి ఫోను చేసి నాలుగు పెట్టెల సీళ్లు అడిగింది. అక్కడి స్టోరుకీపరు తీరిగ్గా, "చూద్దాం," అన్నాడు. మూడు సెకన్లలో చిలకమ్మ ఆ డిపో ఎదురుగా 'లేదు' అని వేసుకుంది. జాబితాలో తర్వాతి చోటుకు వెళ్లింది. అది మోటార్లు బాగుచేసే కార్ఖానా. అక్కడ ఐదు పెట్టెలున్నాయి. అవతలి వైపు తిరుగుతున్న నాలుగో నంబరు వ్యానును అటు మళ్లించింది. పన్నెండున్నరకు తిట్టిన నాలుగు షాపులకూ సీళ్లు అందాయి.

పదకొండున్నరకే స్టోరుకీపరు మళ్లీ ఫోను చేశాడు. "ఏమండీ, సీళ్లు వెతికిస్తున్నాను. చూద్దామన్నాను కదా."

"అవసరం లేదు. ధన్యవాదాలు," అంది చిలకమ్మ.

"అదేంటి, నేను చూద్దామన్నాగా!"

"అందుకే," అంది చిలకమ్మ.

ఫోనక్క నవ్వాపుకోలేక బయటికి వెళ్లి వానలో నిలబడింది.

గురువారం ఒక చిక్కు వచ్చింది. ఊరి చివర షాపు నడిపే ఆయన్ని మాస్టారు అంటారు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. ఉదయం చిలకమ్మ ఫోను చేసి కెపాసిటర్లు పంపాలా అని అడిగితే "చూద్దామండి," అన్నాడు. చిలకమ్మ లేదని వేసుకుంది. కానీ పన్నెండు షాపుల్లో పెట్టిన డబ్బాల్లో ఒకటి ఆయన దగ్గర ఉంది. పెట్టడానికి వచ్చినవాళ్లను కాదనలేక పెట్టించుకున్నాడు. ఆ డబ్బాలో మూడు కెపాసిటర్లున్నాయి. పదింటికి రెండయ్యాయి. పదకొండింటికి ఒకటి. చిలకమ్మ మళ్లీ ఫోను చేసింది.

"చూద్దామండి. మీకు శ్రమ ఎందుకు," అన్నాడు మాస్టారు.

ఇంజినీరమ్మాయి ముందున్న తెర మీద ఒక వాక్యం వచ్చింది. మాట వద్దంటోంది, డబ్బా కావాలంటోంది, దేన్ని నమ్మాలి?

ఆ అమ్మాయి ఫోనక్క వైపు చూసింది. ఫోనక్క నోరు తెరిచి, మూసుకుంది. చెప్పకూడదు. చెబితే సాయం చేసినట్టు. ఆమె టేబులు సొరుగు కొంచెం లాగి, మళ్లీ తోసింది.

చిలకమ్మ రెండు నిమిషాల్లో మూడేళ్ల మాటలు మళ్లీ వింది. 'చూద్దాం' తర్వాత సరుకు వెళ్లిన అరవై ఒక్క సార్లలో యాభై ఎనిమిది ఈ ఒక్క షాపువే. తెర మీద ఇంకో వాక్యం వచ్చింది. ఈ షాపులో చూద్దాం అంటే కావాలి. పెట్టె కెపాసిటర్లు ఒకటో నంబరు వ్యానులో పంపుతున్నాం. కారణం గడిలో ఏం రాయాలి?

"కారణం చెప్పొచ్చా? పంపేసింది కదా," అంది ఫోనక్క.

"చెప్పొచ్చక్కా."

"మొహమాటం అని రాయి. ఆయన అడగడు. అడిగితే ఎదుటివాళ్లకి కష్టమని. ఆయన ఏమంటున్నాడో నేనెప్పుడూ వినలేదమ్మాయ్, అందుకే నీకు చెప్పడం మర్చిపోయా. నెల మొదట్లో పంపేస్తానంతే."

ఇంజినీరమ్మాయి గడిలో రాసింది. మొహమాటం: వద్దు, పరవాలేదు, మీకు శ్రమ అని మళ్లీ మళ్లీ అన్నవారికి కావాలి. రాసి, షాపులన్నిటికీ వర్తించేలా పెట్టింది.

శుక్రవారం నాలుగింటికి లెక్క తేలింది. ఐదు రోజుల్లో 1,012 ఆర్డర్లు. తప్పు పోయినవి పద్నాలుగు.

* * *

నాలుగూ పదికి మేనేజరు ఇంకో డిపో నుంచి ఫోనక్క బల్లకు ఫోను చేశాడు. లోపలి ఫోనే కాబట్టి ఆమె ఎత్తింది. ఆ బల్ల ఇంకా అరవై మూడో నంబరు షాపేనన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. గుర్తుండాల్సిన చీటీ టీ కప్పుకు అతుక్కుని పోయింది.

"అక్కా, అదరగొట్టారు! పద్నాలుగేనట!"

"అవును సార్. మరి, ఆ సెలవు సంగతి..."

"ఆఁ, సెలవు. తప్పకుండా చూద్దాం. ఇప్పుడేగా గాడిన పడింది, ఓ నెల దగ్గరుండి చూసుకుంటే నాకూ ధైర్యంగా ఉంటుంది. ఏమంటారు?"

ఫోనక్క సొరుగు వైపు చూసింది. అక్క నిన్ననే పెట్టె సర్దింది. బట్టల పైన టోపీ పెట్టి, మూత పడక, తీసి, చేతిలో పట్టుకుంటానంది.

"టికెట్లు ఆదివారం పొద్దున ఆరున్నర బండికి ఉన్నాయి సార్. పదకొండు రోజులు. వీలైతేనే లెండి. లేకపోయినా పరవాలేదు."

"మీరు మంచివారక్కా. చూద్దాం, తప్పకుండా చూద్దాం."

"పరవాలేదు సార్."

ఫోను పెట్టేశాక ఆమె అక్కకు ఫోను చేసింది. విషయం చెప్పడానికి నోరు రాక, వంటగదిలో కుళాయి కట్టేశావా అని అడిగింది.

"కట్టేశా. అయిందా పని? సెలవు ఇచ్చాడా?" అంది అక్క.

"చూద్దామన్నాడు."

"హమ్మయ్య," అంది అక్క. ఆమె మోటార్ల వ్యాపారంలో లేదు.

అయిదింటికి చిలకమ్మ ప్రతి రోజూ తయారుచేసే పట్టీ తెర మీదికి వచ్చింది. ఆ రోజు అందకుండా పోయిన సరుకులు, వాటికి కారణాలు, తీసుకున్న చర్యలు అందులో ఉంటాయి. శుక్రవారం పట్టీలో ఒకటే వరుస ఉంది. ఇంజినీరమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, టీ కప్పు ఎత్తి చూసింది. అడుగున చీటీ అతుక్కుని ఉంది.

"అక్కా, ఒకసారి ఇటు రండి."

ఫోనక్క కళ్లజోడు పెట్టుకుని చదివింది.

షాపు: 63. కోరిన సరుకు: సెలవు, పదకొండు. ఇవ్వవలసినవారు: మేనేజరు. సమాధానం: తప్పకుండా చూద్దాం (లేదు). షాపువారి మాట: పరవాలేదు, రెండుసార్లు (మొహమాటం; కావాలి). పాత రికార్డు: ఇదే షాపు ఇదే సరుకును మూడేళ్లలో రెండుసార్లు కోరింది, రెండుసార్లూ అందలేదు. గడువు: ఆదివారం ఆరున్నర. తీసుకున్న చర్య: ఇదే సరుకు ఉన్న ఇంకో చోటుకు ఆర్డరు పంపడమైనది.

"ఇంకో చోటంటే?" అంది ఫోనక్క.

ఇంజినీరమ్మాయి ఒక గడి నొక్కి చూసింది. "హెడ్డాఫీసు. సార్ పైన ఉండే పెద్దమేడంగారు."

"అయ్యో! వెనక్కి పిలువు, వెనక్కి పిలువు!"

"వెళ్లిపోయిందక్కా."

"నువ్వు పిలువమ్మా, నీ మాట వింటుంది! పెద్దమేడంకి నేను సార్ మీద చాడీ చెప్పినట్టు ఉంటుంది. సార్‌కి ఏం చెప్పాలి? నేను పరవాలేదన్నాను కదా!"

"అన్నారు. అందుకే వెళ్లింది," అంది ఇంజినీరమ్మాయి.

* * *

శనివారం ఉదయం తొమ్మిదింటికి పెద్దమేడం నుంచి మేనేజరుకు ఒక సందేశం వచ్చింది. అందులో రెండు వాక్యాలున్నాయి. సెలవు మీరు ఇస్తారా, నన్ను ఇమ్మంటారా? చిలకమ్మ బాగా పనిచేస్తోంది.

తొమ్మిదీ రెండుకు ఫోనక్క బల్ల మీద ఫోను మోగింది.

"ఏంటక్కా ఇది? మీకు నేనేం తక్కువ చేశాను? ఇంటి మనిషిలా చూసుకున్నానే! సెలవు ఇవ్వనన్నానా? ఎప్పుడన్నానో చెప్పండి! ఒక్కసారి చెప్పండి!"

"మీరు చూద్దామన్నారు సార్."

"చూద్దామంటే చూద్దామనే! చూద్దామంటే లేదని ఎవరు చెప్పారు మీకు?"

ఫోనక్క ఇంజినీరమ్మాయిని చూసింది. ఇంజినీరమ్మాయి తెరను చూసింది. తెర మీద 1,140 అన్న అంకె ఉంది.

"సార్, నేను పంపలేదు. అది దానంతట అదే..."

"నాకేం చెప్పకండి! ముందు మీరు వెళ్లండి తల్లీ, వెళ్లండి! ఇరవై రెండేళ్ల నుంచి ఆ కుర్చీకి మేకులు కొట్టుకుని కూర్చున్నారు, మిమ్మల్ని చూసి నాకూ భయం పట్టుకుంది, మీరు లేకపోతే కప్పు కూలిపోతుందేమోనని! వెళ్లి ఆ సముద్రమేదో చూసి రండి! ఓ పది రోజులు నాకు కనపడకండి!"

తర్వాత ఫోనులో మూడో గొంతు వచ్చింది.

"మీరు తిట్టారు. ఖరారు. ఓ పది. పెట్టె పంపుతున్నాం. పన్నెండు రోజులు."

"ఎవరది?" అన్నాడు మేనేజరు.

"చిలకమ్మ సార్," అంది ఫోనక్క.

"పన్నెండేంటి? నేను పది అన్నాను!"

"మీరు పది అనలేదు. ఓ పది అన్నారు," అంది చిలకమ్మ. "సరుకు ఎప్పటికి కావాలి?"

ఆ ప్రశ్న అరవై మూడో నంబరు షాపుకు. ఫోనక్క నోటిదాకా 'మీ వీలు చూసుకుని' అన్న మాట వచ్చింది. ఇంజినీరమ్మాయి బల్ల మీద వేళ్లతో టకటక కొట్టింది.

"రేపు పొద్దున ఆరున్నర బండికి," అంది ఫోనక్క. "ఆలస్యం కాకూడదు."

మేనేజరు నవ్వడం వినిపించింది. నవ్వు ఆపుకుని మళ్లీ నవ్వాడు. "సరే," అన్నాడు.

"వినపడింది అన్నారు," అని చిలకమ్మ విడమరిచింది.

ఆ మధ్యాహ్నం ఇంజినీరమ్మాయి అరవై మూడో నంబరును జాబితాలోంచి తీసేయడానికి కూర్చుంది. కాసేపు చూసి, తీసేయలేదు. కొత్త చీటీ రాసుకుని టీ కప్పు కింద పెట్టింది.

ఆదివారం బండి ఆరూ ముప్పై నాలుగుకు కదిలింది. అక్క కిటికీ పక్కన కూర్చుని టోపీ పెట్టుకుంది. చీటీ చెవి పక్కన వేలాడుతోంది. ఫోనక్క చేతిలో సెల్లు ఉంది. రెండు స్టేషన్లు దాటేదాకా అది మోగలేదు. ఆమె ఒకసారి తీసి చూసింది, సిగ్నలు ఉంది. మళ్లీ చూసింది.

"పన్నెండు రోజులు వాళ్లకి ఫోన్లు చేయవు కదా?" అంది అక్క.

"చూద్దాంలే," అంది ఫోనక్క.

చేయనని ఆమె ఇచ్చిన మాట అది. ఇరవై రెండేళ్ల అనుభవంతో, ఆలోచించే ఇచ్చింది. కానీ అక్కకు ఆ భాష రాదు. "చూద్దాం ఏంటి, చూద్దాం?" అని సెల్లు లాక్కుని, టోపీ తీసి అందులో పెట్టి, మళ్లీ నెత్తిన పెట్టుకుంది.